పవిత్ర గురువారం కాళ్లు కడుగుడు: త్యాగప్రేమ ఎట్ల చెప్పాలె?

ప్రశ్న – దేవరకొండ దిక్కు

ఈసారి మా ఊరి సంఘంల పవిత్ర గురువారం (గుడ్ ఫ్రైడే ముందు రోజు) సాయంత్రం, యేసు శిష్యుల కాళ్లు కడిగిన యోహాను 13 చదివి కాళ్లు కడిగే ఆరాధన పెడుతున్నం. వాక్యానికి పదిహేను నిమిషాలు, అంశం త్యాగప్రేమ. మన దగ్గర కాళ్లు కడుగుడంటే పెండ్లిల అల్లునికి చేసే మర్యాదే యాదికొస్తది. అసలు అర్థం ఎట్ల చెప్పాలె? శిష్యుల లెక్కన కాళ్లు కడిగించుకునే పన్నెండుమందిని ఎట్ల ఎంచుకోవాలె? నీళ్లు, ఏర్పాట్ల సంగతి కూడా చెప్పండి.

జవాబు – పాలమూరు కాపరి

అన్నా, ఆ పెండ్లి ముచ్చటతోనే మొదలుపెట్టండి. అక్కడ మామ అల్లుణ్ని పెద్ద చేసి కడుగుతడు. ఇక్కడ బోధకుడైన యేసే శిష్యుల కాళ్లకాడ వంగిండు. అప్పట్ల అది దాసుల పని. దావీదు పెండ్లి కబురు పంపితే అబీగయీలు తనను తాను తగ్గించుకొని, దావీదు సేవకుల కాళ్లు కడిగే దాసిని అన్నది (1 సమూయేలు 25:41). పేతురు వద్దన్నది కూడా అందుకే.

యోహాను 10:11ల కాపరి ప్రాణం ‘పెట్టును’. 13:4ల యేసు పైవస్త్రం అవతల ‘పెట్టివేసి’ తువాలు కట్టుకున్నడు. గ్రీకుల రెండు చోట్ల ఒకటే క్రియ, మన తెలుగుల కూడా ఆ ‘పెట్టు’ నిలిచింది. రెండు వచనాలు ఒకదాని వెంట ఒకటి గట్టిగ చదివించండి. ప్రేమకు గ్రీకుల ఉన్న రెండు మాటలు అగాపే, ఫిలియో; వాటి తేడా జోలికి పోకండి. తండ్రి కుమారుణ్ని ప్రేమిస్తున్నడని 3:35ల ఒక మాట, 5:20ల ఇంకో మాట వాడిండు యోహాను.

జవాబు – నల్లగొండ పరిచారకుడు

మనిషికి లీటరు లెక్కన పన్నెండుమందికి పన్నెండు లీటర్లు, తక్కువ పడకుండ మొత్తం ఇరవై పెట్టుకోండి. టబ్బుల ముంచి కడగొద్దు, ఒకరి మురికి ఇంకొకరికి అంటుతది. చెంబుతో పోయండి, కింద టబ్బు, పక్కన పారబోసే బకెట్. పన్నెండు పొడి తువాళ్లు వేరుగ. ఎండల పెట్టిన డ్రమ్ము నీళ్లు కాలుతయి. షుగర్ ఉన్నోళ్లల్ల కొందరికి పాదాలల్ల స్పర్శ తక్కువుంటది, మోచేయి పెట్టి చూసినంకనే పోయండి. వేళ్ల సందులు తుడవాలె. పుండు ఉంటే ఆ కాలు కడగొద్దు. నున్నటి బండల మీద గోనెసంచులు పరవకుంటే జారుతరు.

ఫ్లోరైడ్ నీళ్ల ఊర్లల్ల చానమంది ముసలోళ్ల మోకాళ్లు వంగవు. వాళ్లను పీటల మీద కూసోబెట్టొద్దు, ఎత్తు కుర్చీ వేసి కడిగేటాయనే కింద కూసోవాలె. మనిషికి రెండు నిమిషాలు పడుతది.

జవాబు – సూర్యాపేట ఉపదేశి

పన్నెండుమందీ సంఘ పెద్దలే అయితే పెండ్లి మర్యాదే మళ్ల వస్తది. చర్చి ఊడ్చే అమ్మ, కూలికి పోయే పిల్లగాడు, వేరే కులం నుంచి కొత్తగ వచ్చినోళ్లు ఉండాలె. ఆడోళ్లకు ఆడోళ్లే కడిగితే మొహమాటం ఉండదు. ఎవరినైనా ముందు రోజే అడగండి, అప్పటికప్పుడు పిలిస్తే బిగుసుకుపోతరు.

తనను పట్టించబోయే యూదా కాళ్లు కూడా కడిగిండు ప్రభువు. వాడు బయటికి పోయింది ఆ తర్వాత, 13:30ల. అట్లని మీతో పడనోణ్ని అందరి ముందట కూసోబెట్టకండి. యేసు కడిగేటప్పుడు వాని పేరు ఎత్తలేదు, మీరందరు పవిత్రులు కారు అన్నడు, అంతే. తగువు ఉంటే ముందే వాళ్లింటికి పోయి మాట్లాడుకోండి.

ప్రశ్న అడిగినవారు

యూదా సంగతి నాకు తట్టలేదు. త్యాగం అన్నప్పుడు ఆడోళ్లకు ఓర్చుకొమ్మనే మాటలాగ వినపడుతదేమో అని కూడా భయం.

జవాబు – పాలమూరు కాపరి

ఆ భయం సరైనదే. 10:18 తప్పకుండ చదవండి: తన ప్రాణం ఎవరూ తీసుకోరు, తనంతట తానే పెడుతున్నడు. తాగొచ్చి కొట్టేటోని కింద పడి ఉండుడు ఆ పెట్టుడు కాదు, ఈ మాట వాక్యంల తేటగ అనండి. ఎఫెసీ 5:25 కూడా ప్రాణం పెట్టమన్నది భర్తలకే. ఆ వచనం చదివి, కాళ్లు కడగనీకి మగోళ్ల వరుసను ముందు లేపండి.