జీఆర్‌ఈ స్థాయి ఇంగ్లీషు పదసంపద: తెలుగు మాధ్యమంలో చదివినవారికి దారి ఏది?

మద్దిలపాలెం_విద్యార్థిని
పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన నేను ఇప్పుడు ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. విదేశాల్లో ఎంఎస్ చేయాలన్న ఆశతో, అక్కడి ప్రవేశాలకు పనికొచ్చే జీఆర్‌ఈ పరీక్షకు సిద్ధమవుతున్నాను. తమ్ముడు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు. విశాఖ ద్వారకానగర్‌లోని ఒక శిక్షణ కేంద్రంలో ఇచ్చిన పదాల పట్టికను అక్షరక్రమంలో వల్లెవేస్తున్నాను గానీ, ‘సి’ అక్షరానికి చేరేసరికి ‘ఎ’ అక్షరపు మాటలు జారిపోతున్నాయి. పట్టికను పక్కనపెట్టి పత్రికలు చదవడం మేలా? మాటలు గుర్తుంచుకోవడానికి తయారుచేసుకునే కార్డుల మీద అర్థాలను తెలుగులో రాసుకోవచ్చా? చదివితే అర్థమయ్యే మాట ఇంటర్వ్యూలో నోటికి రావాలంటే ఏం చేయాలి? తమ్ముడికీ ఇదే పద్ధతి సరిపోతుందా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

దొండపర్తి_వెర్బల్
ముందు ఆ పట్టిక ఏనాటిదో చూడండమ్మా. 2011 ఆగస్టులో జీఆర్‌ఈ స్వరూపం మారినప్పుడే వ్యతిరేక పదాల ప్రశ్నలూ, పదాల జంటల మధ్య పోలికను కనిపెట్టే ప్రశ్నలూ తొలగిపోయాయి. 2023 సెప్టెంబరు నుంచి వెర్బల్‌లో, అంటే ఇంగ్లీషు భాషా విభాగంలో, 27 ప్రశ్నలు, 41 నిమిషాలు మాత్రమే. సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే రకం ప్రశ్నలో, ఖాళీ ఉన్న వాక్యం కింద ఆరు మాటలిచ్చి, వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండింటిని ఎంచుకోమంటారు. రెండూ సరైనవైతేనే మార్కు. పర్యాయపదాల జంట కనిపించగానే గుర్తు పెట్టేసేవారు అక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే ఒకదానికొకటి సరిపోయినా వాక్యానికి అతకని జంట కూడా ఆ ఆరింటిలో ఉండవచ్చు. నేను జవాబులవైపు చూడకుండా వాక్యం చదివి, ఖాళీలో సొంత మాట ఒకటి పెట్టుకొని, ఆ తర్వాతే కిందికి చూసేవాణ్ని. నాకు స్కోరు తెచ్చిపెట్టింది ఆ అలవాటే, పట్టిక కాదు.

గాజువాక_మాస్టారు
ఏళ్ల తరబడి పోటీ పరీక్షలకు ఇంగ్లీషు బోధిస్తున్నవాడిగా కచ్చితంగా చెబుతున్నాను: కార్డు మీద తెలుగు అర్థం రాయకండి. రాసిన పిల్లలు ప్రతి వాక్యాన్నీ తెలుగులో అనుకొని ఇంగ్లీషులోకి మార్చబోయి నడుమ తడబడతారు. నా విద్యార్థుల కార్డు ఇలా ఉంటుంది. ముందువైపు ‘స్టెప్స్ టు ––– ద డామేజ్’ అని ఖాళీతో ఒక వాక్యఖండం. వెనుకవైపు ‘మిటిగేట్’ అనే మాట, దాని కింద అది జతకట్టే రిస్క్, డామేజ్, ఇంపాక్ట్ అనే మాటలు, అడుగున ఎర్ర సిరాతో ‘మిలిటేట్ అగెనెస్ట్ వేరు’ అన్న హెచ్చరిక. మొదటిది తీవ్రతను తగ్గించడం, రెండోది అడ్డుపడడం; అయినా బాగా చదువుకున్నవారు సైతం ‘మిటిగేట్ అగెనెస్ట్’ అని రాసేస్తుంటారు. ఏ తెలుగు అర్థమూ ఈ జతల సంగతి చెప్పదు.

పెదవాల్తేరు_పాఠకురాలు
మాస్టారు గారూ, జతల విషయంలో మీ మాట శిరోధార్యం. తెలుగు మీద నిషేధాన్ని మాత్రం ఒప్పుకోను. పదసంపద బోధనపై దశాబ్దాలుగా పరిశోధించిన పాల్ నేషన్, కార్డుల మీద మాతృభాషలో అర్థం రాసుకోవడాన్ని సమర్థిస్తారు. నేను కాలేజీలో చేరినప్పుడు ఒక అధ్యాపకుడు ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు తప్ప మరేదీ ముట్టకూడదని ఆంక్ష పెట్టారు. ఒక మాటకు అర్థం చూస్తే ఆ వివరణలోనే తెలియని మాటలు మరిన్ని ఉండేవి, వాటి కోసం మళ్లీ వెతుకులాట. నోట్సు అంచున తెలుగు రాసుకున్నందుకు తరగతి అంతా చూస్తుండగా నిలబెట్టారు. తెలుగు రాసుకోవడం చేతకానితనమన్న ఆ భావన ఎంతమంది పిల్లల నోరు నొక్కేసిందో బోధించేవారు ఒక్కసారి ఆలోచించాలి.

గాజువాక_మాస్టారు
నేను ఏ విద్యార్థినీ నిలబెట్టి అవమానించలేదు; ఎవరో చేసిన పనికి నన్ను బోనెక్కించడం సరికాదు. తెలుగు అర్థం ఆరంభ దశలో ఉన్నవారికి సరే. జీఆర్‌ఈ రాయబోయే అమ్మాయి ఆ దశలో లేదు.

పెదవాల్తేరు_పాఠకురాలు
కొత్త మాట ఎదురైన ప్రతిసారీ, ఆ మాట వరకు ఎవరైనా ఆరంభ దశలోనే ఉంటారు. అర్థం తెలుగులో, జతలు ఇంగ్లీషులో రాసుకుంటే మీ కార్డుకు కలిగే నష్టమేమిటో చెప్పండి.

సింహాచలం_సంస్కృతాభిమాని
తెలుగు వద్దనేవారు మన చేతిలో ఉన్న పెట్టుబడినే మరచిపోతున్నారు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉంటాయని 1786లోనే న్యాయమూర్తి విలియం జోన్స్ కలకత్తాలో ప్రకటించారు. దంతం–డెంటల్, నామం–నామినల్, పాదం–పెడస్ట్రియన్, మృత–మోర్టల్, లోకం–లోకల్: చూడండి, ఎంత దగ్గర చుట్టరికమో! ధాతువులు పట్టుకుంటే పట్టికలతో పనిలేదు. ఎంతటి కఠినమైన ఇంగ్లీషు మాటనైనా ఈ పద్ధతిలో విడదీసి అర్థం చెప్పగలను.

ఏయూ_భాషాశాస్త్రం
మొదటి నాలుగు జంటలు సరైనవే, అయిదోది తప్పు. లాటిన్ ‘లోకుస్’ పాత రూపం ‘స్ట్లోకుస్’, దానికి మన లోకంతో సంబంధం లేదు. లాటిన్‌లో లోకానికి చుట్టమయ్యేది వనమనే అర్థమున్న ‘లూకుస్’. ఉపసర్గలనూ గుడ్డిగా నమ్మలేము. మల్కాపురం వైపు తిరిగే చమురు ట్యాంకర్ల మీద ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ (తేలికగా అంటుకుంటుంది) అని రాసి ఉంటుంది. ‘ఇన్’ అంటే వ్యతిరేకమే అనుకున్నవాడికి అది అంటుకోనిదిగా తోస్తుంది. ఇక జీఆర్‌ఈలో వచ్చే ‘లకానిక్’ (క్లుప్తమైన) గ్రీసులోని లకోనియా ప్రాంతం పేరు నుంచి, ‘డ్రకోనియన్’ (అతి కఠినమైన) ఏథెన్స్ శాసనకర్త డ్రాకో పేరు నుంచి వచ్చాయి. వాటిని ఏ సంస్కృత ధాతువుతో విడదీస్తారు?

సింహాచలం_సంస్కృతాభిమాని
ఒక్క జంట తప్పిందని పద్ధతినే కొట్టిపారేయడం పాండిత్య ప్రదర్శన తప్ప విద్యార్థికి మేలు కాదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కనుకనే మనకీ వెసులుబాటు.

ఏయూ_భాషాశాస్త్రం
తెలుగు, తమిళ, కన్నడాలు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, అవి వేరే కుటుంబమనీ మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ అధికారి ఎల్లిస్ 1816లోనే నిరూపించారు. తత్సమాలు మనం తెచ్చుకున్నవి. తప్పు మీద తప్పు చేరుతుంటే ఊరుకోవడం నావల్ల కాదు. ధాతువులు, ముందే నేర్చుకున్న మాటను గుర్తుంచుకోవడానికి పనికొస్తాయి; తెలియని మాటకు అర్థం ఊహించడానికి వాటినే నమ్ముకుంటే పరీక్షలో మునుగుతారు.

ఓడరేవు_నావికుడు
అసలు ఈ కఠిన పదాల మోజే నాకు నచ్చదు. ఓడల మీద పనిచేసే మాకు అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక పదబంధాలు ఉన్నాయి. ‘మే’, ‘మైట్’, ‘షుడ్’, ‘కుడ్’ వంటి మాటలు సందిగ్ధమైనవని, ముఖ్యమైన సందేశాల్లో వాడకూడదని వాటిలో స్పష్టంగా ఉంది. వేర్వేరు దేశాల నావికులు ఒకే ఓడ నడిపే చోట పెద్ద మాట ప్రాణం తీయగలదు. పిల్లలకు ముందు సూటిగా మాట్లాడడం నేర్పండి.

దొండపర్తి_వెర్బల్
ఆమె రాయబోయేది జీఆర్‌ఈ అండీ, ఓడ నడపడం కాదు. ఆ పరీక్షలో కఠిన పదాలు ఉంటాయి. తెలియకపోతే మార్కులు పోతాయి.

మద్దిలపాలెం_విద్యార్థిని
అందరికీ ధన్యవాదాలు. మాట నోటికి రావడం గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఋషికొండ_ఉద్యోగిని
చెల్లీ, నేనూ తెలుగు మాధ్యమమే. ఇప్పుడు విదేశీ క్లయింట్లతో రోజూ మాట్లాడుతున్నాను. మొదట ఆ అక్షరక్రమం వదిలెయ్యి. ఒకేలా కనిపించే, వినిపించే మాటలను పక్కపక్కనే నేర్చుకుంటే ఒకదాన్ని మరొకటి చెరిపేస్తుంది. 1972లో లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పెట్టెల పద్ధతిలో, గుర్తున్న కార్డు తర్వాతి పెట్టెలోకి పోయి ఆలస్యంగా తిరిగి వస్తుంది, మరచిపోయినది మొదటి పెట్టెకు వస్తుంది. అంకీ యాప్ ఆ పని తనంతట తానే చేసిపెడుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో ఉచితం.

ఇంటర్వ్యూలో నిన్ను అడిగేది ఎక్కువగా నీ ప్రాజెక్టు గురించే. 2000లో భాషా పరిశోధకురాలు కాక్స్‌హెడ్ తయారుచేసిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో 570 పద కుటుంబాలు ఉన్నాయి. అన్ని శాస్త్రాల పుస్తకాల్లోనూ తిరిగే మాటలవి. వాటిలో నీ ప్రాజెక్టుకు పనికొచ్చేవి ఏరుకో. ప్రాజెక్టును వివరిస్తూ ఫోనులో రికార్డు చేసి, ‘గుడ్’, ‘థింగ్’ అన్న ప్రతిచోటా ఆగి, అక్కడ ఏ మాట ఉండాలో రాసుకొని మళ్లీ మాట్లాడు. నేను అలాగే చేశాను. నోరు తెరవకుండా మాట నోటికి రాదు. చదవడానికి మీ శిక్షణ కేంద్రానికి దగ్గర్లోనే పౌర గ్రంథాలయం ఉంది. సంపాదకీయం చదివి, పత్రిక మూసి, దాని సారాంశాన్ని రెండు వాక్యాల్లో పైకి చెప్పుకో.

గాజువాక_మాస్టారు
ఈ సలహాతో నేను ఏకీభవిస్తున్నాను, తెలుగు అర్థం విషయంలో నా అభిప్రాయం మాత్రం మారలేదు. తమ్ముడి గురించి కూడా అడిగారు కనుక చెబుతున్నాను: అతనికి అక్క కార్డులు ఇవ్వకండి. ఎస్‌ఎస్‌సీలో పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, నుడికారాలు, ఒక వివరణకు బదులు ఒకే పదం చెప్పే ప్రశ్నలు నేరుగా అడుగుతారు కనుక, పాత ప్రశ్నపత్రాల్లోని మాటలతోనే అతను కార్డులు తయారుచేసుకోవాలి.