పెన్నీ రెడ్ మీద ప్లేటు నంబరు 77 అని కనిపిస్తోంది, నిజమేనంటారా?

అటక మీది ఆల్బమ్ (బరంపురం):
అందరికీ నమస్కారం. గంజాం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో మా తాతయ్య బళ్ళో చదువుకుంటూ స్టాంపులు పోగేశాడట. మొన్న అటక దులుపుతుంటే ఆ ఆల్బమ్ దొరికింది. సగం చెదల పాలు. మిగిలినదాంట్లో విక్టోరియా రాణి బొమ్మున్న బ్రిటన్ ఎర్ర పెన్నీ స్టాంపులు, అదే పెన్నీ రెడ్‌లు, ఇరవై రెండు ఉన్నాయి. వాటిలో ఒకటి మూడు రోజులుగా నా నిద్ర చెడగొడుతోంది.

కింది మూలల్లో ఎడమన కె, కుడిన డి. పై మూలల్లో అవే తిరగేసి డి, కె. ఎడమ అంచు అల్లికలాంటి నగిషీలో ప్లేటు నంబరు, అంటే అచ్చేసిన పలక నంబరు, 77 అని ఉంది. వాచీలు బాగుచేసే మా బావగారి దగ్గర కంటికి పెట్టుకునే అద్దం తెచ్చుకుని మరీ చూశాను. రెండు ఏడులూ స్పష్టం. వాటి పక్కనే నల్ల తపాలా ముద్ర మందంగా పడింది. ఆ మసి వదులుతుందేమోనని తడి దూదితో రుద్దాను. మసి వదల్లేదు, స్టాంపు ఎరుపే కాస్త లేచిపోయింది. మా ఆవిడ వద్దంటూనే ఉంది.

స్టాంపులు కొనే ఒకాయనకి ఫోటో పంపితే పదివేలిస్తాను, ఇవాళే తేల్చమన్నాడు. ఆ తొందర చూశాకే భయమేసి ఇక్కడికొచ్చాను.

రాయగడ కుర్రాడు:
అంకుల్, 77 అయితే పదివేలేంటి! ఇల్లు కట్టుకోవచ్చు. అస్సలు ఇవ్వకండి!!

సార్టింగు తాత (పర్లాకిమిడి):
బాబూ రాయగడా, పునాది ఇప్పుడే తీయకు.

బరంపురం బాబుగారూ, ముందు ఆ దూది పారేయండి. మళ్ళీ ముట్టుకోవద్దు.

77వ ప్లేటు తయారైన మాట నిజం. అచ్చు సరిగా కుదరలేదని పక్కన పెట్టేశారు. అయినా కొన్ని షీట్లు ఎలాగో బయటికి వచ్చాయి. ఇప్పుడు ప్రపంచంలో మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేయొచ్చు. 70, 75, 126, 128 ప్లేట్లకైతే ఆ భాగ్యం కూడా లేదు, అసలు జారీయే కాలేదు. 1864లో మొదలైన ఈ వరసలో 71 నుంచి 225 దాకా మిగతావన్నీ దొరుకుతాయి. వాటిలో 177 కూడా ఉంది. మీ కథంతా అక్కడే ఉందని నా అనుమానం. ముద్ర ఒకటి మీద పడితే మిగిలేది 77. నేను ఇంతవరకు చూసిన 77లన్నీ ఇలాంటివే. ఒకటిని గోకేసి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు, అది వేరే సంగతి.

ప్లేటు నంబరు ఒక్క ఎడమ పక్కనే ఉండదండి, కుడి అంచులోనూ ఉంటుంది. మీరు కుడివైపు చూసినట్టు ఎక్కడా రాయలేదు. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర కూర్చుని చూడండి. ఇంకో గుర్తు: రెండంకెలే అయితే అల్లిక నడుమ సర్దుకుంటాయి. ఓ పక్కకి జరిగినట్టుంటే రెండో పక్క మూడో అంకె దాక్కున్నట్టే.

కె, డి మాత్రం అబద్ధమాడవు. షీటులో వరసలు ఎ నుంచి టి దాకా ఇరవై, వరసకి ఎ నుంచి ఎల్ దాకా పన్నెండు. మీది పదకొండో వరసలో నాలుగోది. అప్పట్లో పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు. అంటే వరస షిల్లింగు, షీటు పౌండు. కౌంటరు గుమాస్తాకి లెక్క ఎంత హాయో చూడండి! మన 1854 అర్ధణా నీలి స్టాంపుకి ఈ అక్షరాల సుఖం లేదు. కలకత్తాలో రాతి అచ్చు మీద వేసినవి, రాణి ముక్కు, మెడ గీతలు పట్టుకుని షీటులో దాని చోటు వెతుక్కోవాలి. ఒక్క స్టాంపుకి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

అటక మీది ఆల్బమ్:
మీరన్నదే నిజమైంది తాతగారూ. కుడి అంచులో ముద్ర లేదు. 177, ఒకటితో సహా. ముందే అటు చూసుంటే దూది పని పడేదే కాదు. పదివేలాయనకి కుడివైపు ఫోటో కూడా పంపాను. నిన్నట్నుంచి జవాబు లేదు.

ఇంకో సందేహం. వీటిలోనే నాలుగింటికి పై మూలల్లో అక్షరాలకి బదులు చుక్కల్లాంటి నక్షత్రాలున్నాయి. ప్లేటు నంబరు ఎక్కడా కనిపించలేదు. ఒకదానికి అంచు చిల్లులే లేవు.

సార్టింగు తాత:
ఆ నాలుగూ నాకు ఎక్కువ ఇష్టం! అవి 177 కన్నా ముందువి. వాటి ప్లేటు నంబరు షీటు అంచులోనే ఉండేది, స్టాంపు మీద ఉండదు. కింది అక్షరాలు ప్లేటు మీద చేత్తో ఒక్కొక్కటే కొట్టినవి కాబట్టి ఒక ప్లేటులో కె గడిలో కాస్త పైకి ఉంటే ఇంకో ప్లేటులో కిందకి వాలుతుంది. ఆ వాలే ప్లేటుకి వేలిముద్ర. చిల్లులు లేనిది కత్తిరించి వాడిన కాలంది కావచ్చు, చిల్లులు కత్తెరకి పోయిందీ కావచ్చు. వెనక కాగితం చూడండి, సిరా మందు వల్ల ఏమైనా నీలంగా మారిందా? నాలుగు వైపులా తెల్ల అంచు ఎంత మిగిలిందో కూడా కొలిచి చెప్పండి.

అటక మీది ఆల్బమ్:
వెనక నీలమే, మా ఆవిడ కూడా చూసి అవునంది. తెల్ల అంచు మూడు వైపులా బాగానే ఉంది, నాలుగో వైపు కత్తెర రాణి జుట్టు దాకా వచ్చేసింది. పాపం మా తాతయ్య పనే అయ్యుంటుంది.