వేళ్లతో వాయించేవారికి ఏ బేస్ గిటార్ అనుకూలం?

ప్రశ్న (కావలి): రెండేళ్లుగా మా చర్చి ఆరాధనలో అరువు తెచ్చుకున్న బేస్ వాయిస్తున్నాను. ఇప్పుడు సొంతంగా ఒకటి కొనదలచాను. ప్లెక్ట్రమ్ వాడను, వేళ్లతోనే మీటుతాను; నా అరచేయి చిన్నది. ప్రెసిషన్, జాజ్ అనే రెండు నమూనాల్లో ప్రెసిషన్ తరహా తీసుకోవాలా, జాజ్ తరహా తీసుకోవాలా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒంగోలు): తమ్ముడూ, నేను రెండూ వాయించాను. ఫెండర్ సంస్థ 1951లో తెచ్చిన ప్రెసిషన్‌కు 1957 నుంచి రెండు ముక్కలుగా చీల్చిన ఒకే పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ఉంటోంది. దాని నాదం గుండ్రంగా, నిండుగా ఉండి, డ్రమ్స్‌తో కలిసి పాటను కింది నుంచి మోస్తుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కు రెండు పికప్‌లు ఉన్నందున, బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గరిదాని శబ్దం పెంచితే ప్రతి స్వరమూ విడిగా, పదునుగా వినిపిస్తుంది. పైగా నట్ (మెడ పైకొసన తీగలు ఆనే ముక్క) దగ్గర దాని మెడ వెడల్పు సుమారు 38 మిల్లీమీటర్లే కనుక చిన్న చేతికి హాయి. మీకు నేను జాజ్ తరహానే చెబుతాను.

జవాబు (నెల్లూరు): నాదాన్నిబట్టి ఎంచుకోవడం సరే, కానీ రెండింటికీ స్కేలు (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు) 34 అంగుళాలే. మొదటి ఫ్రెట్ల (మెడ మీది అడ్డకమ్మీల) దగ్గర వేళ్లు సాగక నొప్పి పుడుతుంటే 30 అంగుళాల షార్ట్ స్కేల్ కూడా పట్టి చూడండి. అయిదు తీగలది ఇప్పుడే వద్దు. కొనేముందు నిలబడి, పట్టీ తగిలించుకుని అరగంటైనా వాయించండి. గిటార్ తల బరువుకు దాని మెడ కిందికి వాలితే ఎడమచేయి దాన్ని మోయడానికే సరిపోతుంది.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలు అన్నా. నిలబడి వాయించి చూడాలని నాకు తోచనేలేదు. ఈ వారం నెల్లూరు వెళ్లి జాజ్ తరహా, షార్ట్ స్కేల్ రెండూ పట్టి చూస్తాను.