గర్భసంచి ఆపరేషన్ అయి ఆరో రోజు: మంచం దిగనివ్వాలా? పప్పు పెట్టొచ్చా?

అడిగినవారు: రెండో అంతస్తు కోడలు

అందరికీ నమస్తే. మా అత్తమ్మకు 47 ఏళ్లు. గడ్డల వల్ల బ్లీడింగ్ ఆగక పొట్ట కోసి గర్భసంచి తీశారు. అండాశయాలు ఉంచారు. నిన్ననే ఇంటికి తెచ్చాం. హిమోగ్లోబిన్ 9.4, షుగర్, బీపీ లేవు. పదో రోజు కుట్లు విప్పుతామన్నారు.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి తలా ఒక మాట. పప్పు తింటే చీము పడుతుందని, నీళ్లెక్కువ తాగితే కుట్లు ఆరవని, నెల రోజులు మంచం దిగొద్దని. నాలుగు రోజులుగా విరేచనం కాలేదు. మాది ఇండియన్ టాయిలెట్. రెండేళ్ల మనవడు ఎత్తుకోమని ఒకటే మారాం. దేనికి ఎంతవరకు భయపడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: వార్డు సిస్టర్

ముందు విరేచనం సంగతి. కింది నుంచి గాలి పోతోందా? పోకుండా పొట్ట ఉబ్బి, వాంతులవుతుంటే ఇక్కడ జవాబుల కోసం ఆగకండి, ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి. గాలి పోతూ, ఆకలి ఉంటే అది మామూలు మలబద్ధకమే. మత్తు ప్రభావం, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, ఐరన్ మాత్ర, కదలకపోవడం, నీళ్లు తగ్గించడం అన్నీ కలిసి చేసిన పని.

డిశ్చార్జి కాగితంలో లాక్టులోజ్ సిరప్ ఉందేమో చూడండి. మామూలుగా రాత్రి 15 మి.లీ. రాస్తారు. పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఒక్క మోతాదుకే కాలేదని ఆపేయొద్దు. కాగితంలో లేకపోతే ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి. ఇసబ్‌గోల్ ఇస్తే ఒక చెంచాకు నిండు గ్లాసు నీళ్లు, పైన ఇంకో గ్లాసు. నీళ్లు తాగకుండా ఇస్తే లోపలే ముద్ద కట్టి ఇంకా బిగుస్తుంది.

ఇండియన్ టాయిలెట్ మీద పెట్టుకునే రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. దాని ముందు చిన్న పీట వేసి పాదాలు దాని మీద పెట్టించండి. మోకాళ్లు నడుము కంటే కాస్త పైకి రావాలి. కుట్ల మీద చిన్న దిండు ఆనించి పట్టుకుని, నోరు తెరిచి ఊపిరి వదులుతూ వెళ్లాలి. ఊపిరి బిగపట్టి ముక్కితే ఆ ఒత్తిడంతా కుట్ల మీదే పడుతుంది.

పప్పు గురించి: చీము పట్టించేది క్రిములు, కందిపప్పు కాదు. గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. రెండు పూటలా పప్పు, రోజూ ఒకటి రెండు గుడ్లు, పెరుగు పెట్టండి. శనగలు, ఉలవలు, క్యాబేజీ ఒక వారం తగ్గించండి, అదీ గ్యాస్ కోసమే. షుగర్ ఉన్నవాళ్లకు అది అదుపులో లేకపోతే చీము పట్టే అవకాశం నిజంగానే పెరుగుతుంది. ఆ మాట మాత్రం ఏ చుట్టమూ చెప్పదు! నీళ్లు రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు. కిడ్నీ, గుండె జబ్బులుంటే డాక్టర్ చెప్పిన లెక్క.

హిమోగ్లోబిన్ 9.4 అన్నారు కాబట్టి ఐరన్ మాత్ర టీతోనూ పాలతోనూ వద్దు, నిమ్మరసంతో ఇవ్వండి. కాల్షియం మాత్ర కూడా ఉంటే రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. విరేచనం నల్లగా వస్తే అది ఐరన్ వల్లే. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం డాక్టర్‌కు చెప్పండి.

జవాబు: ఫిజియో

నెల రోజులు మంచం మీదే అంటే కాళ్లలో రక్తం గడ్డ కట్టే ప్రమాదాన్ని చేతులారా తెచ్చుకోవడం. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి రెండు పాదాలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించాలి. ఇంట్లోనే ఐదేసి నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు నడక, రెండు రోజులకోసారి కొంచెం పెంచుతూ పోవచ్చు. వంగిపోయి నడవనివ్వకండి. కుట్లు లాగుతాయన్న భయంతో అందరూ అలాగే నడుస్తారు, నాలుగో రోజుకు నడుము నొప్పి మొదలవుతుంది.

మంచం దిగే పద్ధతి నేర్పండి. వెల్లకిలా పడుకుని నేరుగా లేవకూడదు. మోకాళ్లు మడవాలి. భుజం, నడుము, మోకాళ్లు ఒకేసారి దొర్లించి పక్కకు తిరగాలి. కాళ్లు మంచం అంచు దాటించి కిందికి జారవిడుస్తూ, పై చేత్తో పరుపును నొక్కి లేవాలి. కూర్చున్నాక ఒక నిమిషం ఆగాలి. రక్తం తక్కువ ఉన్న మనిషి కదా, లేవగానే కళ్లు తిరుగుతాయి. దగ్గు, తుమ్ము వస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలి. పొట్టకు కట్టే బెల్టు నడిచేటప్పుడు ఆసరాకు మంచిదే, ఊపిరాడనంత బిగించొద్దు.

మెట్లు నిషేధం కాదు. మలుపులో ఒక కుర్చీ వేసి, రెయిలింగ్ పట్టుకుని మెల్లగా ఎక్కించండి. ఆరు వారాలు నాలుగైదు కిలోలు మించి ఎత్తకూడదు. నిండు బిందె, బియ్యం మూట, తడి బట్టల బకెట్ అన్నీ దాని పైనే. రెండేళ్ల పిల్లాడు పది కిలోల పైమాటే. అత్తమ్మను కూర్చోబెట్టి, వాడిని మీరే పక్కన కూర్చోబెట్టండి, ఎగిరి పొట్ట మీద పడకుండా మధ్యలో దిండు పెట్టి.

పైన చర్మం పది రోజులకే అతుక్కుంటుంది. లోపలి పొరకు ఆరు వారాలకు కూడా పూర్తి బలం రాదు. సాధారణంగా గొడవ వచ్చేది మూడో వారంలో. నొప్పి తగ్గుతుంది, చూడ్డానికి చక్కగా ఉంటారు, చీపురు అందుకుంటారు, రుబ్బురోలు జరుపుతారు. హెర్నియాకు దారి అక్కడే.

జవాబు: గైనిక్ ఓపీ

గర్భసంచి తీసినచోట, అంటే యోని పైకొసన, కరిగే కుట్లు వేస్తారు. అవి కరిగేటప్పుడు, రెండు మూడు వారాలకు, గులాబీ లేదా గోధుమ రంగులో కొంచెం మరక కనిపించొచ్చు. ప్యాడ్ వాడండి, లోపల ఏమీ పెట్టొద్దు. భార్యాభర్తల కలయిక కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు వద్దు, అదీ చెకప్ అయ్యాకే. కోడలిగా మీరు చెప్పలేకపోతే డాక్టరమ్మతోనే మామయ్యకు చెప్పించండి.

గాయం మీద పసుపు, కొబ్బరినూనె, పౌడరు వద్దు. డాక్టర్ సరేనన్నాక స్నానం చేయించి, మెత్తటి బట్టతో అద్దండి, రుద్దొద్దు. పొట్ట మడత కింద చెమట నిలవకూడదు.

వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెళ్లండి: 100.4 దాటిన జ్వరం, గంటకో ప్యాడ్ తడిసే రక్తం, గాయం ఎర్రబడి కారడం, ఒక్క పిక్కే వాచి నొప్పి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. ఆపుకోలేనట్టు నీళ్లలా యోని నుంచి కారుతూనే ఉంటే తెల్లబట్ట అనుకోకండి, మూత్రం కావచ్చు. ఆపరేషన్ అయిన వారం పది రోజుల తర్వాత కూడా అది బయటపడుతుంది.

తీసిన గర్భసంచిని పరీక్షకు పంపిన బయాప్సీ రిపోర్టు తప్పకుండా తీసుకోండి. కుట్లు విప్పించుకుని ఇక అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. గర్భాశయ ముఖద్వారం ఉంచారా తీశారా అన్నది కూడా రాయించుకోండి. ఉంచితే ఆ ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా ముందే పసిగట్టే పాప్ పరీక్షలు ముందు ముందు కూడా అవసరమే.

అడిగినవారు: రెండో అంతస్తు కోడలు

గాలి పోతోంది, సిరప్ కాగితంలో ఉంది, ఇవాళ మొదలుపెట్టాం. ఇంకొక్కటి. నొప్పికి అసిక్లోఫెనాక్ కలిసిన మాత్ర రోజుకు రెండు వేస్తున్నాం. ఒళ్లు వెచ్చగా అనిపిస్తే డోలో 650 కూడా వేయొచ్చా?

జవాబు: వార్డు సిస్టర్

స్ట్రిప్ వెనక చదవండి. ఆ కలిపిన మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ 325 మి.గ్రా. ముందే ఉంటుంది. రెండు మాత్రలకు 650. డోలో 650 కూడా పారాసిటమాలే, పైన వేసే ప్రతి డోలో అందులో కలుస్తుంది. ఇంట్లో మీ అంతట మీరు ఇచ్చేది రోజుకు మొత్తం 3 గ్రాములు దాటనివ్వకండి. అసిక్లోఫెనాక్ ఖాళీ కడుపున అసలు వద్దు.

ఇంకో మాట, ‘వెచ్చగా’ అనిపిస్తే ముందు థర్మామీటర్ పెట్టి, అంకె, టైము కాగితం మీద రాశాకే మాత్ర వేయండి. మాత్ర వేసుకుని చెకప్‌కు వెళ్తే అక్కడ జ్వరం కనపడదు. లోపల చీము ఉన్నా మీ చేతిలో ఆ కాగితమే సాక్ష్యం.