అప్‌డేట్: ఆ మోత టైర్లది కాదు, బేరింగ్‌దే

కారు 60 కి.మీ. వేగం దాటితే ముందు వైపు నుంచి గుయ్‌మని మోత వస్తోంది, టైర్లా, లేక చక్రం సాఫీగా తిరిగేలా దాని మధ్యలో ఉండే బేరింగా అని ఇంతకుముందు అడిగాను కదా. బేరింగే. ముందు టైర్లు వెనక్కి మార్చినా మోత మారలేదు. స్టీరింగ్ ఎడమకి తిప్పితే పెరిగేది, అంటే బరువు పడే కుడి చక్రం మీదే అనుమానం. జాకీ, స్టాండు పెట్టి, కాయిల్ స్ప్రింగ్ మీద వేళ్లు ఆనించి చక్రం తిప్పితే, ఇసుక రుబ్బుతున్నట్టు గరగర చేతికి తెలిసింది. ఊపి చూస్తే మాత్రం లూజ్ లేదు, అందుకే ఇన్నాళ్లూ నమ్మలేదు.

కొత్త బేరింగ్ బిగించే పనిని, దాన్ని సమంగా నొక్కి కూర్చోబెట్టే ప్రెస్ మెషీన్ ఉన్న మెకానిక్‌కి వదిలేశాను. సుత్తితో కొడితే కొత్త బేరింగ్ కూడా పాడవుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సెన్సార్ చదివే, బేరింగ్ అయస్కాంతపు వైపు సరిగ్గా పెట్టారా అని పక్కనే నిలబడి చూశా. ఇరుసు చివర బిగించే యాక్సిల్ నట్ కూడా కొత్తదే వేయించా.

ఇప్పుడు 80లోనూ మోత లేదు. కానీ డ్యాష్‌బోర్డులో ఏదో టకటకమంటోంది, ఇన్నాళ్లూ ఈ గోలలో వినపడలేదేమో!