చర్చికీ, సొంత పాటలకీ ఒకే కీబోర్డ్: అరేంజరా, వర్క్‌స్టేషనా?

కోనసీమ_కీస్:
ఇప్పుడు నా దగ్గర ఉన్నది యమహా పీఎస్ఆర్-ఐ500. ఆదివారం ఆరాధనలో డ్రమ్మర్ లేడు, బేస్ గిటార్ లేదు, అంతా కీబోర్డే. ఇంట్లో సొంత ట్యూన్లకి ట్రాకులు కట్టడం మొదలుపెట్టాక చిక్కొచ్చింది. ట్యూన్ నాదే అయినా, స్టైల్ (కీబోర్డ్‌లో ముందే ఉన్న తాళం, వాద్యాల నేపథ్యం) ఆన్ చేయగానే పాట ఆ స్టైల్ సొంతమైపోతోంది. షాపులో ఒకాయన యమహా అరేంజర్ పీఎస్ఆర్-ఎస్ఎక్స్900 తీసుకోమన్నాడు. ఇంకొకాయన "అరేంజర్ అంటే పిల్లల బొమ్మ, వర్క్‌స్టేషన్ తీసుకో, యమహా మోడెక్స్6 గానీ రోలాండ్ ఫాంటమ్-06 గానీ చూడు" అన్నాడు. ల్యాప్‌టాప్ ఉంది, క్యూబేస్ (పాటలు రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్) కొంచెం తెలుసు. వాయించేవాటిలో సగం రాగం మీద నడిచే పాత కీర్తనలు. రెండు కొనలేను. ఏది తీసుకోమంటారు?

శ్రుతిపెట్టె:
బ్రదర్, బొమ్మ మాట వదిలేయండి. ఎడమ చేత్తో కార్డ్ పట్టగానే ఏమవుతుందో చూడండి, తేడా అక్కడే ఉంది. అరేంజర్ ఆ కార్డ్‌ని గుర్తుపట్టి, ముందే రాసిపెట్టిన బేస్, గిటార్, స్ట్రింగ్స్‌ని దానికి తగ్గట్టు మార్చి అప్పటికప్పుడు వాయిస్తుంది. ఎస్ఎక్స్900లో ఒక్కో స్టైల్‌కి ఇంట్రోలు 3, మెయిన్‌లు 4, ఫిల్‌లు (మధ్యలో వచ్చే మలుపు వాయింపులు) 4, ఒక బ్రేక్, ఎండింగ్‌లు 3. పాస్టర్ గారు రెండో చరణం మళ్లీ ఎత్తుకున్నా మీరు మెయిన్ బీ మీద ఉండిపోతే చాలు. మోడెక్స్‌లో ఆర్పెజియేటర్ (పట్టిన స్వరాల్ని వరసగా తనే వాయించేది) ఉంది, కార్డ్‌ని అనుసరిస్తుంది కూడా. కానీ ఇంట్రో, ఫిల్, ఎండింగ్ అన్న వరస దానికి లేదు, మీరే కట్టుకోవాలి. ఒక్కరే వాయించే చోట అది కత్తి మీద సామే.

ఇంకోటి కూడా చూడండి. అరేంజర్‌లో ఫింగరింగ్ మోడ్ (కార్డ్ పట్టే పద్ధతి) 'ఫింగర్డ్'లో ఉంటే, సీ కార్డ్‌ని 'ఈ' (E) స్వరం కింద ఉండేలా పట్టినా బేస్ సీ మీదే కొడుతుంది. ఎస్ఎక్స్ సిరీస్‌లో 'ఫింగర్డ్ ఆన్ బేస్' పెడితే అన్నిటికంటే కింద నొక్కిన స్వరమే బేస్‌కి వెళ్తుంది. బేస్ మెట్లు దిగుతూ వచ్చే పాటలకి ఇది లేకపోతే వాయింపు పసిగా ఉంటుంది. "అరేంజర్ సౌండ్" అని చాలామంది వెక్కిరించేది నిజానికి ఈ సెట్టింగ్ మార్చకపోవడం వల్లే.

ట్రాక్_మేస్త్రి:
శ్రుతిపెట్టె గారు చెప్పింది వేదిక వరకు సరే. సొంత పాటల దగ్గర ఒప్పుకోను.

అరేంజర్‌లో పాట కట్టేవాళ్లు తెలియకుండానే స్టైల్‌కి తగ్గ ట్యూన్ చేస్తారు. వర్క్‌స్టేషన్ తెరిస్తే ఏమీ వినిపించదు, అదే దాని మేలు. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1లో 8 ట్రాకులే, పాలిఫొనీ (ఒకేసారి మోగగలిగేవి) 16 స్వరాలే. అయినా సౌండ్లు, ఎఫెక్టులు, సీక్వెన్సర్ (వాయించింది ట్రాకులుగా దాచి తిరిగి వాయించేది) ఒకే పెట్టెలో ఉండటంతో వర్క్‌స్టేషన్ అనగానే అదే గుర్తొచ్చేలా నిలబడిపోయింది. ఫాంటమ్-06లో 16 ట్రాకులు, ఒక్కో ట్రాక్‌కి 8 పాటర్న్‌లు (చిన్న వాయింపు ముక్కలు). పల్లవికి ఒక గ్రూప్, చరణానికి ఒక గ్రూప్ కట్టి, వరసగా పేర్చితే పాట. మోడెక్స్‌కి పాటర్న్ సీక్వెన్సర్ తర్వాతి ఓఎస్ అప్‌డేట్‌లో వచ్చింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొంటే ముందు ఓఎస్ వెర్షన్ చూడండి. ఇంకోటి, దానిలో 16 పార్టులు (వేర్వేరు సౌండ్లు పెట్టుకునే చోట్లు) ఉన్నా కీస్ మీద ఒకేసారి మోగేవి మొదటి 8 మాత్రమే.

అసలు మేలు కేబుల్ దగ్గర. మోడెక్స్, ఫాంటమ్-0 రెండూ యూఎస్‌బీ మీద ఆడియోని వేర్వేరు చానళ్లుగా ల్యాప్‌టాప్‌కి పంపుతాయి, వేరే ఆడియో ఇంటర్‌ఫేస్ అక్కర్లేదు. అరేంజర్ కొంటే ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

మిశ్రచాపు:
ఇద్దరూ ఎస్ఎక్స్900లోని స్టైల్ క్రియేటర్‌ని (సొంత స్టైల్ కట్టుకునే మెనూ) మర్చిపోయారు. తమ్ముడి బాధకి మందు అందులో ఉంది. (ఆ మెనూ తెరవకుండానే అరేంజర్ అమ్మేసినవాళ్లు ఎంతమందో!)

స్టైల్‌లో 8 చానళ్లు: రిథమ్ 1, రిథమ్ 2, బేస్, కార్డ్ 1, కార్డ్ 2, ప్యాడ్, ఫ్రేజ్ 1, ఫ్రేజ్ 2. నచ్చిన స్టైల్ తెరిచి రిథమ్ రెండూ ఉంచి మిగతావి తీసేయండి. సెక్షన్ పొడవు 4 బార్లు పెట్టి బేస్, కార్డ్ 1 మీరే రికార్డ్ చేయండి. దాన్ని వేరే పేరుతో సేవ్ చేస్తే అది మీ స్టైలే.

తప్పు జరిగేది ఎక్కడంటే, రికార్డింగ్ మొదట్లో సోర్స్ కార్డ్ సీ మేజర్ 7గా ఉంటుంది. అంటే మీరు వాయించినదంతా సీ మేజర్ 7 మీద వాయించినట్టే యంత్రం లెక్కేసుకుంటుంది. అందుకని సీ, ఈ, జీ, బీ స్వరాల మీదే నిలవండి. డీ, ఏ దాటుకుంటూ పోవచ్చు. మధ్యలో ఎఫ్ మీద ఆగారా, రేపు 'ఏ' (A) మైనర్ పట్టినప్పుడు ఎక్కడో అపస్వరం పలుకుతుంది, ఎందుకో అంతుపట్టదు.

రెండో తప్పు మనవాళ్లు ఎక్కువగా చేసేది. డోలక్, డప్పు లూప్ శాంపిల్‌ని మామూలు వాయిస్‌గా చేసి ఫ్రేజ్ చానల్‌లో పెడతారు. కార్డ్ మారగానే డప్పు శ్రుతి కూడా మారి గోలగోల అవుతుంది. దాన్ని రిథమ్ 1లో పెట్టి, పారామీటర్ పేజీలో కార్డ్ మారితే స్వరాలు ఎలా మారాలో చెప్పే రెండు సెట్టింగులు, ఎన్‌టీఆర్ 'రూట్ ఫిక్స్‌డ్', ఎన్‌టీటీ 'బైపాస్' చేయండి. రిథమ్ 2 డ్రమ్ కిట్‌లనే తీసుకుంటుంది, రిథమ్ 1 మామూలు వాయిస్‌ని కూడా తీసుకుంటుంది.

ఎక్స్‌పాన్షన్ ప్యాక్‌ల (బయటినుంచి ఎక్కించే అదనపు వాయిస్‌లు, స్టైల్స్) సంగతి కూడా వినండి. కొత్త ప్యాక్ ఇన్‌స్టాల్ చేస్తే పాతది చెరిగిపోతుంది. అన్నిటినీ యమహా ఎక్స్‌పాన్షన్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకే కట్టగా కట్టి ఎక్కించాలి. లేదంటే ఆ వాయిస్‌ల మీద ఆధారపడ్డ స్టైల్స్ మూగబోతాయి.

కోనసీమ_కీస్:
అన్నా, డోలక్ సంగతి ఇప్పుడు అర్థమైంది. మరి రాగం కీర్తనలు? ఎడమ చెయ్యి పెట్టగానే మేజర్ కార్డ్ వచ్చి గాంధారం కొట్టుకుంటోంది. స్టైల్‌ని క్యూబేస్‌లోకి తెస్తే గిటార్ పిచ్చిపిచ్చిగా వస్తోంది, అది కూడా చెప్పండి.

మిశ్రచాపు:
గాంధారానికి సులువైన దారి ఉంది. ఫింగర్డ్ మోడ్‌లో స, ప రెండే పట్టండి, అంటే సీ, జీ. యంత్రం దాన్ని గాంధారం లేని కార్డ్‌గా తీసుకుంటుంది. సాధారణ గాంధారమైనా అంతర గాంధారమైనా కుడిచేతి ఇష్టం. అదీ వద్దనుకుంటే పక్కపక్క మూడు కీస్ (సీ, సీ షార్ప్, డీ) ఒకేసారి నొక్కండి. కార్డ్ రద్దయి తాళం ఒక్కటే నడుస్తుంది.

గమకాలకి ఏ పెట్టె కొన్నా పని ఒకటే: వాయిస్‌ని మోనో (ఒకసారికి ఒక్క స్వరమే) చేయండి, పోర్టమెంటో (స్వరం నుంచి స్వరానికి జారడం) టైమ్ తక్కువ పెట్టండి, పిచ్ బెండ్ రేంజ్ 2 సెమీటోన్లు ఉంచండి. 12 పెడితే వేలు వెంట్రుకవాసి కదిలినా స్వరం దాటిపోతుంది. కీస్ నొక్కిపట్టి వైబ్రాటో ఇవ్వాలంటే ఆఫ్టర్‌టచ్ (నొక్కాక ఇచ్చే ఒత్తిడిని గుర్తించడం) కావాలి, అది మీ జాబితాలోని మూడింటిలోనూ లేదు.

ట్రాక్_మేస్త్రి:
గిటార్ పిచ్చి మెగావాయిస్ (యమహా స్టైల్స్‌లో వాడే ప్రత్యేక వాయిస్) వల్ల కావచ్చు. అందులో వెలాసిటీని (కీ నొక్కిన వేగం) బట్టి మామూలు మీటు, మ్యూట్, స్లైడ్, హార్మోనిక్ మారతాయి, పై ఆక్టేవుల్లో తంత్రుల రాపిడి శబ్దాలు ఉంటాయి. ఆ మిడిని (ధ్వని కాకుండా స్వరాల సూచనలు మాత్రమే) ల్యాప్‌టాప్‌లోని వేరే గిటార్‌కి ఇస్తే ఆ శబ్దాలన్నీ స్వరాలుగా మోగుతాయి. గిటార్ ట్రాక్‌ని మిడిగా తేవద్దు. కీబోర్డ్‌లో ఆ ఒక్క పార్ట్ సోలో చేసి ఆడియోగా రికార్డ్ చేయండి. బేస్, డ్రమ్స్ మిడిగా తెచ్చినా పరవాలేదు, స్టైల్ పార్టులు మామూలుగా 9 నుంచి 16 చానళ్లలో వస్తాయి. నొక్కిన ప్రతి స్వరం రెండుసార్లు మోగితే కీబోర్డ్‌లో లోకల్ కంట్రోల్ (కీస్‌ని దాని సొంత సౌండ్లకి కలిపే సెట్టింగ్) ఆఫ్ చేయండి. ఆలస్యంగా మోగితే క్యూబేస్‌లో బఫర్ (ఆడియోని పంపేముందు కూడబెట్టే శాంపిల్స్) 512 నుంచి 128కి దించండి. 44.1 కిలోహెర్ట్‌జ్ దగ్గర అది 11.6 మిల్లీసెకన్ల నుంచి 2.9కి దిగడం.

ఇదంతా విన్నాక మాట మార్చుకుంటున్నా. ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంది కాబట్టి వర్క్‌స్టేషన్ సీక్వెన్సర్ పనిని అదే చేస్తుంది. కానీ ఆదివారం స్టైల్ నడిపే పని మీ క్యూబేస్ చేయలేదు. అరేంజరే తీసుకోండి.

శ్రుతిపెట్టె:
ఎస్ఎక్స్900కి డబ్బు చాలకపోతే ఎస్ఎక్స్700 చూడండి, స్టైల్ క్రియేటర్, కార్డ్ లూపర్ (కార్డ్‌ల వరసని రికార్డ్ చేసి తిప్పేది) రెండిట్లోనూ ఉన్నాయి. పెద్ద తేడా ఎక్స్‌పాన్షన్ మెమరీ: 700లో 400 ఎంబీ, 900లో 1 జీబీ. భారతీయ వాయిద్యాల శాంపిల్స్ ఎక్కువ ఎక్కిస్తారంటేనే 900.

షాపుకి హెడ్‌ఫోన్, పెన్‌డ్రైవ్, అందులో మీరు వాడే రెండు స్టైల్ ఫైళ్లు తీసుకెళ్లండి, తెరుచుకుంటాయో లేదో అక్కడే తేలిపోతుంది. చర్చిలో మిక్సర్‌కి ఒకే కేబుల్ ఇస్తే ఎడమ వైపు అవుట్‌పుట్‌కే గుచ్చండి, కుడి దాంట్లో సగం సౌండే వస్తుంది. కరెంటు పోయే ఊరైతే చిన్న యూపీఎస్ కూడా లెక్కలో పెట్టుకోండి.