థైలర్ వైరస్: జీడీ-7కీ డీఏకీ తేడా అంతా ఒక్క అక్షరంలోనే ఉందా?

కావలి అమ్మాయి:
అందరికీ నమస్కారం. నాది ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం. సోమవారం సెమినార్. థైలర్ వైరస్ టాపిక్ నేనే అడిగి తీసుకున్నాను. మా పెద్దమ్మ కూతురికి మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీది మైలిన్ పొర పోతే మనిషికి ఏమవుతుందో అక్క మెట్లెక్కేటప్పుడు పక్కనుండి చూస్తున్నాను. ఆ జబ్బును అర్థం చేసుకోవడానికి చిట్టెలుకల్లో ఈ వైరస్‌ను వాడతారని తెలిశాక దీన్ని వదలబుద్ధి కాలేదు.

నా సందేహం చెప్తాను. ఈ వైరస్ రకాల్లో (స్ట్రెయిన్లలో) ఒకటైన జీడీ-7ను మెదడులోకి ఎక్కిస్తే చిట్టెలుక ఒకటి రెండు వారాల్లో చనిపోతుంది. డీఏ అనే ఇంకో రకం ఎక్కిస్తే బతుకుతుంది గానీ, వైరస్ వెన్నుపాములో తిష్ఠ వేస్తుంది. నెల దాటాక మైలిన్ దెబ్బతినడం మొదలవుతుంది. రెంటిదీ సుమారు 8,100 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ. ప్రోటీన్లు చూస్తే నూటికి 95 దాకా ఒకటే.

నిన్న ట్రంకురోడ్డులో ప్రింట్లు తీయించుకొచ్చి, రెండు వరసలూ కిందా పైనా పెట్టి ఎర్ర పెన్నుతో సున్నాలు చుడుతూ కూర్చున్నాను. పెద్ద ప్రోటీన్ మొదలయ్యే ఏయూజీ (ప్రోటీన్ తయారీ ఇక్కడ మొదలుపెట్టమనే మూడక్షరాల గుర్తు) నుంచి 13 అక్షరాలు జరిగితే డీఏలో ఇంకో ఏయూజీ ఉంది. జీడీ-7లో సరిగ్గా అక్కడే ఏసీజీ. ఆ రెండో ఏయూజీ నుంచే డీఏ ఎల్-స్టార్ అనే ప్రోటీన్ తయారుచేసుకుంటుందట. కథంతా ఈ ఒక్క అక్షరమే అని చెప్పేయొచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు మాస్టారు:
అట్టా చెప్పొద్దమ్మా. నువ్వు సున్నా చుట్టింది సరైన చోటే. ఎల్-స్టార్ లేకపోతే డీఏ నిలదొక్కుకోలేదు, అది నిజం. కానీ ఏసీజీ దగ్గర కూడా రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) రొంత పని మొదలెట్టగలదు. డీఏలో ఆ ఏయూజీని ఏసీజీగా మార్చి చూస్తే, వైరస్ నిలిచి ఉండటంలో పెద్ద తేడా రాలేదు. ఎల్-స్టార్ మధ్యలో స్టాప్ కోడాన్ (తయారీ ఆపమనే గుర్తు) పెట్టినప్పుడు మాత్రం బాగా దెబ్బతింది.

అసలు బరువు వైరస్ పైతొడుగు (ఆర్‌ఎన్‌ఏని చుట్టి ఉండే ప్రోటీన్ పొర) మీద ఉంది. జీడీ-7 జన్యువులో తొడుగు భాగం తీసేసి డీఏది అతికించారు. ఆ సంకర వైరస్ అంత తేలిగ్గా చంపదు, పైగా నిలిచిపోతుంది. ఎందుకంటే కణంలోకి దూరేటప్పుడు తాకేది తొడుగే. కణాల పైనుండే చక్కెర పదార్థాల్లో జీడీ-7 హెపరాన్ సల్ఫేట్‌ను పట్టుకుంటుంది, డీఏ సయాలిక్ ఆమ్లాన్ని. మొదటిది న్యూరాన్ల (నాడీకణాల) మీద పడి చంపేస్తుంది. రెండోది చివరికి మాక్రోఫేజ్‌లు, మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాల్లో చేరి కాపురం పెడుతుంది. నీ స్లైడ్లలో ఎక్కువ చోటు ఈ ప్రయోగానికి ఇవ్వు.

మేం చదివే రోజుల్లో థైలర్ అంటే ఎల్లో ఫీవర్ టీకాకు 1951లో నోబెల్ తీసుకున్న మనిషే. చిట్టెలుకల వెనక్కాళ్లు పడిపోవడాన్ని 1930ల్లో గమనించి ఈ వైరస్‌ను పట్టుకున్నదీ ఆయనే. అదీ ఒక మాట చెప్పు.

ఉదయగిరి వాసి:
చెల్లీ, చిట్టెలుక సంగతి మర్చిపోవద్దు. అదే డీఏని బ్లాక్-6 అనే చిట్టెలుకల జాతికి ఎక్కిస్తే దాని సీడీ8 కణాలు (వైరస్ సోకిన కణాలను చంపే తెల్లరక్తకణాలు) వైరస్‌ను తుడిచేస్తాయి. ఎస్‌జేఎల్ అనే ఇంకో జాతిలో ఆ పని జరగదు. నేను పనిచేసిన ల్యాబ్‌లో ఎస్‌జేఎల్ చిట్టెలుకను వెల్లకిలా పెట్టి, లేవడానికి ఎంతసేపు పడుతుందో రాసుకునేవాళ్లం. జబ్బు ముదిరినది పక్కకు ఒరిగి, వెనక్కాళ్లు బిగుసుకుపోయి, మళ్లీ మళ్లీ ప్రయత్నించేది. వైరస్‌లో ఒక్క అక్షరమూ మారకుండానే ఇంత తేడా.

కావలి అమ్మాయి:
మాస్టారూ, అన్నా, చాలా థాంక్స్. స్లైడ్లు మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాను. ఇంకొక్క మాట. అక్క కూడా సెమినార్ వింటానంటోంది. తనకూ ఈ వైరస్సే సోకిందని అనుకుంటుందేమో?

ఒంగోలు మాస్టారు:
మొదటి స్లైడ్‌లోనే చెప్పేయమ్మా. ఇది చిట్టెలుకల వైరస్, మనుషుల ఎమ్మెస్‌కు (మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు) ఇది కారణం కాదు. మైలిన్ ఎట్టా పోతుందో చూడటానికి వాడే నమూనా, అంతే. ఆ మాట చెప్పేటప్పుడు అక్క వైపు చూసి చెప్పు.